దేవాంగ పిల్లికీ నత్తకీ పందెం పెడితే

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది మదనపల్లె దగ్గర పల్లె. పోయిన నెలలో ఒక రాత్రి మావారు బండి మీద ఇంటికొస్తుంటే చింతచెట్టు కొమ్మ మీద రెండు ఎర్రటి కళ్లు మెరిశాయట. టార్చి వేసి చూస్తే దేవాంగ పిల్లి. ఐదు నిమిషాలు నిలబడి చూసినా ఒక్క అడుగు వేయలేదని, "నత్త నయం దీనికంటే" అని ఇంటికొచ్చి చెప్పారు. ఆరో తరగతి చదివే మావాడు ఆ మాట పట్టుకుని వదలడం లేదు. రెండింటికీ పందెం పెడితే ఎవరు గెలుస్తారు, రెండూ ఎందుకంత నెమ్మది, రెండూ చుట్టాలా అని ఒకటే గోల. వాడికి ఏం చెప్పమంటారు?
(ఒక పాఠకురాలు, మదనపల్లె)

జవాబు: అమ్మా, ముందు పందెం ఫలితం చెప్పేసి వాణ్ణి అన్నానికి కూర్చోబెట్టండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదివి వినిపించవచ్చు. దేవాంగ పిల్లే గెలుస్తుంది, అది పోటీయే కాదు. ఇంగ్లండ్‌లో నార్‌ఫోక్ జిల్లాలో కోంగమ్ అనే ఊళ్లో నత్తలకు పరుగు పందేలు పెడతారు (నవ్వకండి, మనం కోళ్లకు పెట్టడం లేదూ), అక్కడ 1995లో ఆర్చీ అనే నత్త 13 అంగుళాల దూరాన్ని 2 నిమిషాల్లో దాటి రికార్డు కొట్టింది. లెక్క కడితే గంటకు పది మీటర్లు. ఛాంపియన్ సంగతే ఇదైతే మన పెరట్లో నత్త ఎంత! దేవాంగ పిల్లి ఒక్కో చెయ్యీ ఒక్కో కాలూ ఆచితూచి వేస్తుంది, నిజమే, కానీ అవసరం పడితే కొమ్మ వెంబడి చకచకా వెళ్లిపోగలదు. దానికి చేతకానిది ఒక్కటే, దూకడం. ఈ దూకడం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మరి మీవారికి ఐదు నిమిషాలూ కదలకుండా ఎందుకు కనబడింది? టార్చి వేశారు కనక. భయం వేస్తే దేవాంగ పిల్లి పారిపోదు, ఉన్నచోటే కొమ్మకు అతుక్కుపోయి బిగుసుకుపోతుంది. మీవారు చూసింది దాని నడక కాదు, దాని భయం. ఈసారి కనబడితే ఒక్క క్షణం చూసి లైటు ఆర్పేసి వచ్చేయమనండి, ఆ వెలుగు దాని కళ్లకు చాలా ఎక్కువ. కంటి వెనక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది, చీకట్లో దొరికిన కాస్త వెలుతురునీ మళ్లీ వెనక్కి కొట్టి రెండోసారి వాడుకోవడానికి. మెరిసేది అదే.

ఇక ఎందుకంత నెమ్మది అన్నదానికి రెండింటికీ ఒకే జవాబు చెబితే తప్పవుతుంది.

నత్తకు ఉన్నది ఒకే పాదం, పొట్ట కిందంతా పాదమే. ఆ కండరంలో అలలు పుడతాయి, ఒక అల వెనక ఒకటి, ఆ అలల మీద జిగురు పరుచుకుంటూ జారుతుంది. గ్లౌజులతో నత్తను గాజు పలక మీద వదిలి కింద నుంచి చూడమనండి మీవాణ్ణి, ఆ అలలు స్పష్టంగా కనబడతాయి, సినిమా కంటే బాగుంటుంది. (చూశాక చేతులు సబ్బుతో కడిగించండి, ఎందుకో కింద వేరే ఉత్తరంలో చెప్పాను.) ఈ జిగురు చాలా ఖరీదైన వ్యవహారం. 1980లో మార్క్ డెన్నీ అనే శాస్త్రవేత్త గుల్ల లేని నత్త జాతి ఒకదాని మీద కొలిచి చూస్తే, అంతే బరువున్న ఎలుక పరుగెత్తడానికి అయ్యే శక్తికి పన్నెండు రెట్లు అవుతోందని తేలింది, అందులో ఎక్కువ భాగం జిగురు తయారీకే. తాను నడిచే రోడ్డు తానే వేసుకుంటూ పోయేవాడు ఎంత వేగంగా పోగలడు చెప్పండి. పైగా వీపు మీద ఇల్లు.

దేవాంగ పిల్లిది ఆ బాధ కాదు. అది వేటగాడు. తమిళనాడులో దిండిగల్ జిల్లా అయ్యలూరు అడవిలో దాని తిండిని నెలల తరబడి గమనిస్తే దాదాపు అంతా పురుగులే, అందులోనూ చీమలూ చెదలూ ఎక్కువ. ఆకు కదలకుండా, కొమ్మ ఊగకుండా పురుగు దగ్గరికి చేరాలి, చేరాక మాత్రం నెమ్మది లేదు, ఏమీ లేదు, చెయ్యి చాచి టపీమని పట్టేస్తుంది. దొంగ అడుగులు వేయాల్సినవాడు పరుగెత్తడు కదా. కొమ్మను గంటల తరబడి పట్టుకుని వేలాడినా చేతులు తిమ్మిరెక్కకుండా దాని కాళ్లూ చేతుల్లో రక్తనాళాలు సన్నటి జడపాయల్లా చీలి ఉంటాయి. కాబట్టి నత్తకు తొందరగా నడవడం రాదు, దేవాంగ పిల్లికి అవసరం రాదు.

ఇంకోటి, మీవాడికి నచ్చుతుంది గానీ మీకు నచ్చకపోవచ్చు: ఇది తన మూత్రంతోనే చేతులూ కాళ్లూ కడుక్కుంటుంది. చీమలు కుట్టిన మంట తగ్గడానికని కొందరూ, తన వాసన కొమ్మలకు అంటించడానికని కొందరూ అంటారు.

చుట్టరికం సంగతి. పేరులో పిల్లి ఉందన్న మాటే గానీ దేవాంగ పిల్లి పిల్లి కాదు, కోతులూ మనమూ ఉన్న వానర కుటుంబంలోది, మడగాస్కర్ దీవిలో ఉండే కోతిలాంటి లెమూర్లకు దగ్గరి బంధువు. గోళ్లు చూడండి, మన గోళ్లలాగే బల్లపరుపుగా ఉంటాయి, కాలి రెండో వేలికి మాత్రం ఒళ్లు గోక్కోవడానికి వాడి గోరు. రెండు కళ్లూ ముందుకే ఉంటాయి కాబట్టి పురుగు ఎంత దూరంలో ఉందో సరిగ్గా అంచనా కడుతుంది. నత్త అలా కాదు, అది ఆల్చిప్పలకూ ఆక్టోపస్‌లకూ చుట్టం. కళ్లు పై కొమ్ముల చివర్న ఉంటాయి, వెలుగూ చీకటీ తెలియడం తప్ప వాటితో పెద్దగా ఒరిగేదేం లేదు, పనంతా వాసన మీదే నడుస్తుంది. కానీ కొమ్ము తెగిపోతే కన్నుతో సహా మళ్లీ మొలిపించుకుంటుంది, ఆ విద్య మనకూ లేదు, దేవాంగ పిల్లికీ లేదు. మొత్తానికి దేవాంగ పిల్లికి నత్త కంటే మీవాడే దగ్గర చుట్టం, ఆ మాట వాడికి చెప్పండి.

మన భాష రెంటినీ తిట్లలోకే పంపింది, గమనించారా. వంతెన పని ఆలస్యమైతే పేపర్లో "నత్తనడక". సన్నగా పీలగా కళ్లప్పగించి చూస్తుంటే "దేవాంగ పిల్లి మొహం". నేను లెక్కల పరీక్ష తప్పి వచ్చి గుమ్మంలో నిలబడితే మా అమ్మమ్మ అన్న మొదటి మాట అదే.

అయితే అసలు పందెం నడకలో కాదమ్మా, సంసారంలో. దేవాంగ పిల్లి బరువు పావు కిలో అటూ ఇటూ, అంటే మన ఇళ్లలో తిరిగే పందికొక్కు కంటే చిన్నది. పందికొక్కు నెల తిరక్కుండా ఈనుతుంది, ఈ జీవి మాత్రం అయిదున్నర నెలలు కడుపున మోస్తుంది, మోసి ఒకటో రెండో పిల్లల్ని కంటుంది. పిల్ల కాస్త ఎదిగాక రాత్రిళ్లు కొమ్మను పట్టుకుని ఉండేలా వదిలి తిండికి వెళ్తుంది, తెల్లారేలోగా వచ్చి తీసుకుపోతుంది. పగలు అందరూ ఒకరినొకరు పట్టుకుని బంతిలా ముడుచుకుని నిద్ర. ఇప్పుడు నత్త: మన దేశంలో తోటల్ని పీడించే ఆఫ్రికా రాక్షస నత్తలో ఆడా మగా వేరు కాదు, ప్రతి నత్తలోనూ రెండూ ఉంటాయి, జత కట్టిన రెండూ గుడ్లు పెట్టగలవు. ఒక్క విడతకు వందల గుడ్లు, ఏడాదికి 1,200 వరకూ. పిల్లలు ఆరు నెలలకే గుడ్లకు సిద్ధం. నత్తనడక నడిచే జీవి ఆఫ్రికా తూర్పు తీరం నుంచి బయల్దేరి సగం ప్రపంచాన్ని ఆక్రమించింది, కొమ్మ మీద దానికంటే ఎన్నో రెట్లు వేగంగా పోగల దేవాంగ పిల్లి దక్షిణ భారతమూ శ్రీలంకా దాటి పోలేదు, ఉన్నచోట కూడా తగ్గిపోతోంది.

ప్రశ్న: సార్, మా ఆఫీసులో చిన్న బెట్. ఎంత పెద్ద నత్తయినా కోతి జాతి జంతువు కంటే బరువుండదని నేనన్నాను. వెయ్యి రూపాయలు. గెలిచానా?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ఓడారు, వెయ్యి ఇచ్చేయండి. సియెర్రా లియోన్‌లో దొరికిన ఒక ఆఫ్రికా నత్త 1978లో తూకం వేస్తే సరిగ్గా 900 గ్రాములు తూగింది, గిన్నిస్ రికార్డు దానిదే. మూడు దేవాంగ పిల్లుల్ని ఒక పళ్లెంలో పెట్టినా దాంతో సరితూగడం కష్టం. "సగటు నత్త" అని బెట్ కట్టి ఉంటే గెలిచేవారు. బెట్ కట్టేముందు మాట సరిచూసుకోవాలి బాబూ.

ప్రశ్న: అయ్యా, మాది కాకినాడ దగ్గర. రెండేళ్ల కింద పూల మొక్కలు కుండీలతో సహా కొని తెచ్చాం. పోయిన వానాకాలం నుంచి పెరటి నిండా అరచెయ్యంత నత్తలు. బొప్పాయి, బంతి, కూరపాదులు ఏవీ మిగలడం లేదు. విచిత్రం ఏంటంటే గోడ సున్నం కూడా గీకి తింటున్నాయి! ఎండాకాలం మాయమైతే పోయాయనుకున్నాం, మొదటి వానకే మళ్లీ దిగాయి. ఉప్పు చల్లమంటున్నారు కొందరు, వండుకుని తినమంటున్నారు ఇంకొందరు. ఏం చేయాలి?
(ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: మీరు చెప్పిన గుర్తులన్నీ ఆఫ్రికా రాక్షస నత్తవే. కుండీ మట్టిలో నాలుగు గుడ్లు వచ్చినా చాలు, ఈ కథ అలాగే మొదలవుతుంది. ఈ దేశంలోకి అది రావడమే ఒక మనిషి సరదా వల్ల. విలియం బెన్సన్ అని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, నత్తగుల్లల పిచ్చి ఉన్న మనిషి, మారిషస్ నుంచి తెస్తే 1847లో అవి కలకత్తా చౌరంగీలో ఒక తోటలోకి చేరాయి. అక్కడి నుంచి మీ పెరటి దాకా వచ్చాయి, ఎక్కువ దూరం మన లారీల్లోనూ మొక్కల మట్టిలోనూ ప్రయాణం చేసి.

గోడ తినడం విచిత్రమేం కాదు. అంత గుల్ల పెంచుకోవాలంటే కాల్షియం కావాలి, మీ గోడకున్న సున్నం దానికి టానిక్. ఎండాకాలం మాయమవడం కూడా అంతే, మట్టిలోనో రాళ్ల కిందో దూరి గుల్ల మూతికి తెల్లటి పొరతో సీలు వేసుకుని నెలల తరబడి పడుకుంటుంది, తడి తగలగానే లేస్తుంది. చచ్చాయని మీరు సంబరపడ్డ రోజుల్లో అవి హాయిగా నిద్రపోతున్నాయన్నమాట.

తినమన్నవాళ్ల మాట వినకండి. గోదావరి జిల్లాల్లో చెరువుల్లో, పొలాల్లో దొరికే నత్తలు వండుకోవడం ఉంది, మా చిన్నప్పుడు జువాలజీ ప్రాక్టికల్స్‌లో కోసి బొమ్మలు గీసిన పైలా ఆ బాపతే, దాని గుల్లకు తలుపులాంటి గట్టి మూత ఉంటుంది. మీ పెరట్లోదానికి ఆ మూత ఉండదు, గుల్ల పొడుగ్గా మొనదేలి గోధుమ రంగు చారలతో ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికాలో ఈ జాతుల్ని బాగా ఉడికించి తింటారు, అది వేరే సంగతి. ఇవి ఎలుకల పెంటికలు కూడా తింటాయి, ఎలుక ఊపిరితిత్తుల్లో ఉండే ఒక నులిపురుగు పిల్లలు అలా నత్తలోకి చేరతాయి, మనిషి ఒంట్లోకి వెళ్తే మెదడు పొరలకు వాపు తెస్తాయి. అందుకే వట్టి చేత్తో ముట్టుకోవద్దు, పెరటి ఆకుకూరలు ఒకటికి రెండుసార్లు కడగండి, పచ్చిగా తినకండి.

ఉప్పు నత్తను చంపుతుంది, నిజమే, కానీ నేల మీద చల్లితే మీ మట్టిని కూడా చంపుతుంది. నేనొకసారి కరివేపాకు చెట్టు చుట్టూ చల్లాను. నత్తలు మిగిలాయి, చెట్టు పోయింది. మీరు చేయాల్సింది ఇది: సాయంత్రం గోనె సంచులు బాగా తడిపి, కింద బొప్పాయి ఆకులో క్యాబేజీ ఆకులో వేసి పెరట్లో నాలుగైదు చోట్ల పరచండి. తెల్లవారుజామున ఎత్తితే గుంపులుగా ఉంటాయి. గ్లౌజులు వేసుకుని ఏరి, బక్కెట్లో చిక్కటి ఉప్పునీళ్లలో వేయండి, చచ్చాక లోతుగా పాతిపెట్టండి. తొక్కి వదిలేయకండి, లోపల గుడ్లు ఉంటే మిగిలిపోవచ్చు. మట్టి పైపైన తవ్వితే బఠాణీ గింజంత లేత పసుపు గుడ్లు కుప్పలుగా దొరుకుతాయి, అవీ అదే బక్కెట్లోకే. నత్తల్ని చంపే మెటాల్డిహైడ్ మందు గుళికలు మార్కెట్లో దొరుకుతాయి, పనిచేస్తాయి కూడా, కానీ కుక్క నాకితే కుక్క పోతుంది, కాబట్టి మీ మండల వ్యవసాయ అధికారిని అడగకుండా వాడొద్దు. పొగాకు కషాయంలో మైలుతుత్తం కలిపి కొట్టే పద్ధతి కేరళలో వాడుతున్నారు, దాని పాళ్లు కూడా ఆయన్నే అడగండి. అన్నిటికంటే ముఖ్యం, ఇది మీ ఒక్క పెరడు చేస్తే అయ్యే పని కాదు, పక్కింటివాళ్లూ వెనకింటివాళ్లూ అదే వారంలో చేయాలి. ఆ ఒప్పించే పని నత్తల్ని ఏరడం కంటే కష్టం అని నాకు తెలుసు.

ప్రశ్న: అంకుల్, మేం టాంపా దగ్గర ఉంటాం. ఇక్కడ ఒక నత్త కోసం ఏరియా మొత్తం క్వారంటైన్ పెట్టి కుక్కల్ని తిప్పారు. ఇండియాలో ఉన్న మా అత్తయ్యకు చెబితే నమ్మడం లేదు. మీరు రాస్తే నమ్ముతారు.
(ఒక పాఠకురాలు, ఫ్లోరిడా)

జవాబు: నిజమేనండీ అత్తయ్యగారూ, మీ కోడలు చెప్పింది అక్షరాలా నిజం. 1966లో ఒక పిల్లవాడు హవాయి నుంచి మయామీకి సరదాగా ఈ ఆఫ్రికా రాక్షస నత్తల్నే మూడు తెచ్చాడు, వాళ్ల నానమ్మ వాటిని తోటలో వదిలేశారు. ఏడేళ్లకు 18 వేలు. అన్నీ ఏరేసరికి పదేళ్లూ పది లక్షల డాలర్లూ పట్టింది. 2011లో మళ్లీ కనబడ్డాయి, లక్షా 68 వేలకు పైగా ఏరి 2021లో అయిపోయిందని ప్రకటించారు, మరుసటి ఏడాదే టాంపాకు పైనున్న పాస్కో కౌంటీలో మళ్లీ. వాసన పట్టడానికి లాబ్రడార్లకు ట్రైనింగ్ ఇచ్చారు, దానికీ ఖర్చే. ముచ్చటగా పెంచుకుందామని ఎవరైనా అన్నా అక్కడ అనుమతి లేకుండా అది నేరం.

ప్రశ్న: సార్, మా ఊరికి ఒకతను సంచిలో దేవాంగ పిల్లిని తెచ్చాడు. ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందని, కళ్లతో మందు చేస్తే మొండి జబ్బులు పోతాయని అంటున్నాడు. ఎనిమిది వేలు అడిగాడు. మా బావ కొందామంటున్నాడు. నిజంగా ఏమైనా ఉందా?
(ఒక పాఠకుడు, హిందూపురం)

జవాబు: తమ్ముడూ, బావగారికి నా మాటగా చెప్పు, ఏమీ లేదు. కన్ను కన్నే. ఆ సంచి పట్టుకున్నవాడికి మాత్రం ఎనిమిది వేలు కలిసొస్తాయి.

ఇక కొన్నవాడికి ఏం వస్తుందో విను. దేవాంగ పిల్లి వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, పెద్దపులి ఉన్న షెడ్యూలే. పట్టుకున్నా, అమ్మినా, కొన్నా 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. ఎవరో ఇచ్చారు, నాకు తెలీదు అన్నా కుదరదు. కాబట్టి కొనొద్దు, వాడితో గొడవా పడొద్దు, అటవీ శాఖ రేంజి ఆఫీసుకు ఫోన్ చెయ్యి. నీ పేరు చెప్పక్కర్లేదు.

ఇంట్లో పెంచుదామన్నా అది బతకదు. రోజూ రాత్రి బతికున్న చీమలూ చెదలూ ఎవరు పట్టి పెడతారు? పగలు లైట్లు, టీవీ, పిల్లల గోల, ఆ కళ్లు తట్టుకోలేవు.

మదనపల్లె అమ్మకు దూకడం సంగతి మళ్లీ వస్తుందన్నాను కదా, అది నీకూ పనికొస్తుంది. దూకలేని జంతువుకు చెట్టు నుంచి చెట్టుకు కొమ్మలు కలిసి ఉండాలి, లేకపోతే నేల మీదికి దిగాలి. దిగితే రోడ్డు మీద బండి, ఊళ్లో కుక్క. లేదంటే కరెంటు తీగను కొమ్మనుకుని పట్టుకుంటుంది. బెంగళూరు మధ్యలో ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) క్యాంపస్‌లో ఇవి ఇప్పటికీ బతుకుతున్నాయంటే అక్కడ కొమ్మలు కలిసి ఉండటమే పెద్ద కారణమని నా లెక్క. తమిళనాడులో కరూరు, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్లు కలిపి 2022 అక్టోబరులో కడవూరు దగ్గర దీని కోసమే అభయారణ్యం ప్రకటించారు, దేశంలో ఇలాంటిది అదే మొదటిది. మన దగ్గర శేషాచలం కొండల్లోనూ పలమనేరు వైపు కౌండిన్య అడవుల్లోనూ ఉన్నాయి. పెద్ద అడవులే కావాలని లేదు, పొలం గట్ల మీద చింతలూ వేపలూ ముళ్లపొదలూ ఉంటే చాలు. మీ గట్టు మీద ఉన్న చెట్లు కొట్టేముందు రెండు రాత్రులు టార్చి వేసి చూడు, ఎర్రగా మెరిస్తే ఆ రెండు కొమ్మలు మాత్రం ఉంచెయ్.